నాలుగు వందల పదమూడో పేరు

"ఈ 'గారు' ఎవరు పెట్టేరు?" అని శాంతి అడగడం అది మూడోసారి.

భోజనాల బల్ల మీద అన్నం గిన్నె మూత ఇంకా తియ్యలేదు. చేపల పులుసు చల్లారి, పైన నూనె తెట్టు కట్టింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చిన బట్టలతోనే అందరూ కుర్చీల్లో కూలబడి ఉన్నారు. బల్ల మధ్యలో ఒకే ఒక్క కార్డు తెరిచి పెట్టి ఉంది.

ఉప్పలగుప్తంలో ఉన్న అక్కకి తన చేత్తో తనే కార్డు ఇవ్వాలని, పంచగా మిగిలిన కార్డుల కట్ట విప్పి వెతికింది శాంతి. అక్క పేరు దొరకలేదు కానీ తన పేరు దొరికింది. 'ప్రభువునందు ప్రియులైన శ్రీమతి శాంతి గారికి వందనములు. మా నూతన గృహ ప్రతిష్ఠ కూడికకు తామెల్లరు విచ్చేసి...' బంగారు రంగు అక్షరాలు. వత్తులూ పొల్లులూ ఎక్కడివక్కడ చక్కగా ఉన్నాయి.

ఆ నూతన గృహం ఈ పెంకుటింటికి వెనకే, సున్నం వాసనతో నిలబడి ఉంది. పన్నెండేళ్ళు కువైట్‌లో పరాయి పిల్లల్ని ఎత్తుకుని, పరాయి వంటిల్లు తుడిచి, దాని ఒక్కొక్క గోడా లేపింది శాంతి. ఇన్నాళ్ళూ దాన్ని ఫోన్‌లోనే చూసింది. మొన్న శుక్రవారం దిగినప్పుడు తొలిసారి చేత్తో తడిమి చూసుకుంది.

"మాట్లాడరేంటండీ అత్తయ్య గారూ? నేనీ ఇంటికొచ్చి ఇరవై ఆరేళ్ళు. ఏనాడైనా నన్ను శాంతి గారూ అని పిలిచేరా?"

"పిలవలేదమ్మా," అంది కాంతమ్మ నింపాదిగా. "కోడల్ని గారు అని ఎవరంటారు?"

"కోడల్ని అనరండి. చుట్టాన్ని అంటారు. పిలిచి, భోజనం పెట్టి, తాంబూలమో పండో చేతిలో పెట్టి పంపించేసేవాళ్ళని అంటారు."

ఆ వైపు ఊళ్ళలో గారు అనే మాటకి కరువు లేదు. బస్సు కండక్టరూ గారే, చేపల తట్ట దించే మనిషీ గారే. ఆ మాట లేనిది ఇంటి మనుషులకే. తమ్ముడికి లేదు, కూతురికి లేదు, కోడలికి లేదు. గారు లేకపోవడమే చుట్టరికం. అది తెలిసిన మనిషి కనకనే శాంతి కళ్ళు పేరు మీద ఆగలేదు. పేరు పక్కన ఆగిపోయాయి.

బల్లకి ఆ చివర కూర్చున్న అక్షయ గొంతు సవరించుకుంది. రాజోలు బస్టాండు దగ్గర ప్రెస్‌లో డిజైనింగు చేస్తుంది ఆ పిల్ల. ఈ కార్డు చేసిందీ తనే.

"అమ్మా, ఆ గారు ఎవరూ పనిగట్టుకుని పెట్టింది కాదు. డిజైన్‌లో మాటలన్నీ ఒక్కసారే కొడతాం. పేరు వచ్చేచోట ఖాళీ వదులుతాం. లిస్టులో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటీ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటాయి. పాస్టరు గారికీ అదే గారు, పాలు పోసే రాజేంద్రకీ అదే గారు. మిషనుకి ఎవరైనా ఒకటే."

"సరే. మరి నా పేరు అక్కడికెలా వచ్చి కూర్చుంది?"

అక్షయ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. తాగడానికి పట్టవలసిన సమయం కన్నా ఎక్కువ సమయమే తాగింది.

శాంతి కార్డు చేతిలోకి తీసుకుంది. "కింద చదువుతాను వినండి. ఆహ్వానించువారు, శ్రీమతి కాంతమ్మ, కీర్తిశేషులు సత్యానందం మాస్టారి సతీమణి. శ్రీ ప్రవీణ్ కుమార్. శ్రీమతి మెర్సీ, శ్రీ ఎబినేజర్. అంతే. మరిది గారికి పక్కన పెళ్ళాం ఉంది. నా మొగుడు మాత్రం ఒంటరిగా ఉన్నాడు. పెళ్ళాం పోయినవాడికి మల్లే."

"అవేం మాటలు, ప్రార్థన చేసుకొచ్చిన నోటితో," అంది కాంతమ్మ.

ప్రవీణ్ కుమార్ చేతి గడియారం గొలుసు విప్పి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. "కార్డులో వేసే మేటరు తమ్ముడు రాసేడు. నేను చూళ్ళేదు," అన్నాడు.

ఎబినేజర్ హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఏదైనా మెట్టు తర్వాత మెట్టుగా చెబితే ఎదుటివాళ్ళు ఒప్పుకుని తీరాలన్నది ఆయన నమ్మకం. "వదిన గారూ, మీరు వస్తారో రారో తెలీదు కదండీ. మీ మేడం పంపనంటోందని ఫోన్‌లో మీరే చెప్పేరు. ఊళ్ళో లేని మనిషి పేరు వేసేమనుకోండి. ఆవిడేరండీ అని నలుగురూ అడిగితే ఏం చెప్తాం?"

"కువైట్‌లో ఉందని చెప్పండి. అక్కడుండబట్టే ఈ ఇల్లు ఇక్కడుందని చెప్పండి."

"స్థలం ఎవరిదమ్మా?" అంది కాంతమ్మ. గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచదు. "మాస్టారు సైకిలు మీద బడికి తిరుగుతూ, ఓ ముద్ద తక్కువ తిని కొన్న స్థలం. దాని మీద ఎవరి పేరుండాలో నువ్వు చెప్పాలా?"

"స్థలం మీదే పెట్టుకోండి పేరు. శనివారం ఆ పెరట్లో చాపలేసుకుని ప్రార్థన చేసుకోండి. గోడలు మటుకు నావి."

బయట కొబ్బరికాయల ట్రాక్టరు వెళ్ళింది.

"పేరు లేకపోతే పోనీ అనుకుందును," అంది శాంతి. "ఆడదాని పేరు గోడకెందుకని నేనే సర్దుకుందును. కానీ చుట్టాల్లో కలిపేరు చూడండి, అది మింగుడు పడటం లేదు. ఆ లిస్టులో నన్ను రాయించిందెవరు?"

"నేను రాయించలేదు," అంది కాంతమ్మ.

"పేర్లు చెప్పింది మీరే కదండీ. ఇక్కడే కూర్చుని మూడు రోజులు చెప్పేరట."

"చెప్పేను. నీ పేరు చెప్పలేదు."

"అవునండి. నా పేరు మీరెక్కడా చెప్పరు."

"దేవుడు సాక్షి, నేను చెప్పలేదు." కాంతమ్మ గొంతు మొదటిసారి వణికింది. "డెబ్భై నాలుగేళ్ళొచ్చేయి. నీకు నచ్చని పనులు చాలా చేసుంటాను, కాదనను. చెయ్యని పని ఎందుకు నెత్తిన రుద్దుతావు?"

"చుట్టాన్ని చేసి పంపించేస్తే ఇల్లు మీకు పూర్తిగా మిగులుతుందని."

"శాంతీ," అన్నాడు ప్రవీణ్ కుమార్.

కాంతమ్మ చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అక్షయకి మామ్మ ఏడవగా చూడటం అలవాటు లేదు. తాతగారు పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయో లేదో చూసిన మనిషి ఆవిడ.

ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణం దాటిపోతే ఇక చెప్పడానికి నోరు రాదు. అక్షయ మంచినీళ్ళ గ్లాసే మళ్ళీ అందుకుంది.

పదకొండు రోజుల క్రితం బాబాయి ఫోన్‌లో కొట్టి పంపిన పేర్లు ప్రెస్ అక్షరాల్లోకి మార్చేసరికి సగం వత్తులు ఊడిపోయాయి. రాజేంద్ర రాజేంద అయ్యాడు. కృపమ్మ కపమ్మ అయింది. ఒక్కొక్క పేరూ చదివి, ఊడిన వత్తు తెచ్చి తగిలించింది అక్షయ. రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత బాబాయి చేతిరాతలో ఉన్న మేటరు కాగితం ఎదురుగా పెట్టుకుంది. కింద నాలుగు వరసలు. చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడా అమ్మ పేరు లేదు.

ప్రెస్ యజమానురాలు కనకరత్నం గారి మాట ఒకటుంది. మేటరు కస్టమరుది. పేరులో వత్తు పోతే మన తప్పు, పేరే పోతే వాళ్ళ తప్పు. మనం మటుకు అక్షరం ముట్టుకోకూడదు.

అయినా అక్షయ ఇంటికి ఫోన్ చేసింది. మామ్మే ఎత్తింది. "ఏమ్మా?" అంది. అంతే, అక్షయ అడగదలుచుకున్న మాట ఎటో పోయింది. "ఏం కూర మామ్మా?" అని అడిగి పెట్టేసింది. తర్వాత మేటరు ఉన్నదున్నట్టు కొట్టింది. కొట్టి, లిస్టు తెరిచి, అట్టడుగున ఉన్న ఖాళీ వరసలో అమ్మ పేరు చేర్చింది. మేటరు ముట్టుకునే ధైర్యం లేదు. లిస్టులో ఒక వరస చేరిస్తే ఎవరికీ తెలీదు. అమ్మ రాలేకపోయినా ఆ ఒక్క కార్డూ ఫోటో తీసి పంపుదామనుకుంది. బంగారు రంగులో తన పేరు చూసుకుంటే సంతోషిస్తుందనుకుంది. శుక్రవారం అమ్మ చెప్పాపెట్టకుండా దిగేసిన హడావుడిలో ఆ కార్డు కట్టలోంచి తియ్యడం మరిచిపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు ఎబినేజర్. ఫోన్ తీసి వేలితో పైకి తోస్తూ పోయాడు. "ఊరికే ఒకరినొకరు అనుకోవడం దేనికి, లెక్క చూసుకుంటే సరిపోయె. నేను పంపిన లిస్టు ఇదండీ. నాలుగు వందల పన్నెండు. ఆఖరు పేరు ధర్మరాజు గారిది, ఉప్పలగుప్తం. వదిన గారి పేరు ఇందులో లేదు." కుర్చీలోంచి వంగి, కట్టకి అంటించిన ప్రెస్ చీటీ చూశాడు. "ఇక్కడ నాలుగు వందల పదమూడని ఉంది."

ఆ మాట అన్నాక ఆయన మొహంలో మేష్టారు కనిపించాడు. లెక్క ఎక్కడ తప్పిందో, ఎవరు తప్పించారో తెలిసిపోయింది. మెల్లిగా తల తిప్పాడు. "అక్షయా?"

"నేనే," అంది అక్షయ. "నేనే చేర్చేనమ్మా. నీకు ఫోటో పంపుదామని. కార్డుల్లో ఎక్కడో ఓ చోట నీ పేరు ఉండాలని."

శాంతి కూతురి వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే అక్షయకి తేలికగా ఉండేది. దారిలో ఎవరో పలకరిస్తే, ఈవిడ ఎవరబ్బా అని ఆనవాలు పట్టడానికి చూస్తారే, అలా చూసింది.

కాంతమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. "చూసేవా శాంతీ," అంది మెత్తగా. "పరాయిదాన్ని చేసింది నేను కాదు." అన్నం గిన్నె మూత తీసింది. "లేవండి, చేతులు కడుక్కోండి. పులుసు మళ్ళీ వెచ్చబెడతాను."

ఎవరూ లేవలేదు.

"ఎక్కడో ఓ చోట," అంది శాంతి. "నాలుగు వందల పేర్లకి వత్తులు సరిచేసేను, కళ్ళు లాగేస్తున్నాయమ్మా అని ఫోన్ చేసేవు. పడుకోమ్మా, చుక్కల మందు వేసుకో అన్నాను. నాలుగు వరసల మేటరులో మీ అమ్మ పేరు లేదని ఆ కళ్ళకి కనబడలేదా?"

"కనబడింది."

"మరి?"

"మేటరు కస్టమరుదమ్మా. మేం మార్చకూడదు."

"కస్టమరుదా." శాంతి ఆ మాటని నోట్లో ఓసారి తిప్పుకుంది. "మామ్మ నీకు కస్టమరా?"

"అడుగుదామనే ఫోన్ చేసేను."

"ఏమంది?"

జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. "ఏం కూర అని అడిగింది," అంది కాంతమ్మ. "ఆనపకాయ అని చెప్పేను."

ప్రవీణ్ కుమార్ నవ్వబోయి ఊరుకున్నాడు.

"వీళ్ళు మర్చిపోయేరంటే ఓ దారి," అంది శాంతి. "పన్నెండేళ్ళు కళ్ళెదుట లేని మనిషి. మర్చిపోతారు. నువ్వు మర్చిపోలేదు. గుర్తుపెట్టుకుని, ఆలోచించి, నన్ను తీసుకెళ్ళి చుట్టాల వరసలో ఆఖర్న కూర్చోబెట్టేవు. పిలిచేవాళ్ళలో చోటు లేదని నీకు నువ్వే తీర్మానం చేసేసుకున్నావు. మీ మామ్మని అడగను కూడా అడక్కుండా."

"అమ్మా, అది కాదు."

"అదే."

"పోనిద్దూ," అన్నాడు ప్రవీణ్ కుమార్. "రేపు మళ్ళీ వేయిద్దాం. నీ పేరు కలిపి. అదెంతసేపు?"

"మూడు వందలు పంచేసేం అన్నయ్యా," అన్నాడు ఎబినేజర్. "సంఘమంతటికీ ఇచ్చేసేం. మిగిలినవి మార్చి వేస్తే ఊళ్ళో రెండు రకాల కార్డులు తిరుగుతాయి. పక్కపక్క ఇళ్ళ వాళ్ళు పోల్చి చూసుకోరా?"

"ఇంట్లో గొడవని అచ్చేసి, పేరుపేరునా పంచినట్టుంటుంది," అంది కాంతమ్మ వంటింట్లోంచి.

శాంతి లేచి పెరటి తలుపులోంచి బయటికి నడిచి, కొత్తింటి మెట్ల మీద కూర్చుంది. లోపలికి వెళ్ళలేదు. ప్రతిష్ఠ కాని ఇంట్లో కూర్చోకూడదని పొద్దున అత్తగారే అంది. అక్షయ కంచంలో అన్నం పెట్టి తీసుకెళ్ళి పక్కన పెట్టింది. సాయంత్రం తియ్యడానికి వెళ్ళేసరికి కంచం అలాగే ఉంది. అన్నం మీద పులుసు ఎండిపోయింది.

*

సోమవారం పదిన్నరకి అక్షయ ప్రెస్‌లో ఒక స్కూలు ఐడీ కార్డుల పని ముందేసుకుంది. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఫోటోలు. ఒక్క వరస కిందికి జారినా ప్రతి పిల్లకీ పక్కింటి తండ్రి వచ్చేస్తాడు. అందుకని మొదటి పదీ చివరి పదీ సరిచూస్తోంది.

గాజు తలుపు తోసుకుని శాంతి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. అక్షయ లేవబోయింది. శాంతి కూతురి వైపు చూడకుండా వెళ్ళి కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"అక్షయ వాళ్ళ అమ్మ గారు కదూ," అంది కనకరత్నం కళ్ళజోడు పైకి తోసుకుంటూ. సీసపు అక్షరాల కాలం నుంచి ప్రెస్ నడిపిన మనిషి ఆవిడ. "ఎప్పుడొచ్చేరండీ? ఇంటి కార్డులు బాగున్నాయా? మా అక్షయ చేతిలో పడితే అచ్చు తప్పు ఉండదండి."

"ఆయ్, తప్పేం లేదండి. బాగున్నాయి. నాకూ కొన్ని వేయించుకుందామని వచ్చేను."

"మీ ఇంటివి వేసేం కదండీ."

"అవి వాళ్ళవండి. ఇవి నావి."

కనకరత్నం అక్షయ వైపు చూసింది. తర్వాత శాంతి వైపు చూసింది. యాభై ఏళ్ళుగా ఊరి పెళ్ళిళ్ళూ చావులూ కాగితం మీద ముందుగా చదివిన మనిషికి ఇంక వివరం అడగవలసిన పని లేదు. "మేటరు రాసుకొచ్చేరా?" అని మాత్రం అంది.

"నోటితో చెప్తానండి. మీ అమ్మాయి కొడుతుంది. మేటరు కస్టమరుదేనంట కదా."

"అంతేనండి," అంది కనకరత్నం. అని, ఐడీ కార్డుల కాగితాలు తీసి పక్కన పెట్టింది.

అక్షయ పాత డిజైను తెరిచింది. "చెప్పమ్మా."

"పైన వాక్యం ఉంచు. తారీఖు ఉంచు. శనివారమే, పదింటికే. కింద వరసలన్నీ తీసెయ్యి. ఆహ్వానించువారు అని ఉంచి, పక్కన శాంతి అని కొట్టు."

"శ్రీమతి?"

"వద్దు. శాంతి చాలు."

"నాన్న పేరు?"

"మీ నాన్న ఆ మేటరూ చూడలేదు. ఇదీ చూడక్కర్లేదు."

కొట్టింది అక్షయ. నాలుగు వరసలున్న చోట ఒక్క మాట మిగిలింది. చుట్టూ అంత ఖాళీ ఎలా సర్దాలో తెలీక అక్షరాలు పెద్దవి చేయబోయింది. "పెద్దవి వద్దు. ఎలా ఉందో అలా ఉండనీ," అంది శాంతి. "ఇప్పుడు లిస్టు తియ్యి."

తెర మీద పేర్లు బారులు తీరాయి.

"మొదటి పేరుకి పైన మూడు వరసలు ఖాళీ చెయ్యి. చేసేవా? మొదట్లో శ్రీమతి కాంతమ్మ అని కొట్టు."

అక్షయ వేళ్ళు ఆగిపోయాయి. "అమ్మా, మామ్మనా?"

"కొట్టు. గారు దానంతటదే వచ్చి కూర్చుంటుందన్నావుగా."

కాంతమ్మ. ఎబినేజర్. మెర్సీ. మూడు పేర్లూ కొట్టాక ఎలా పడుతుందో చూపించమంది శాంతి. అక్షయ మీట నొక్కింది. బంగారు రంగు అక్షరాల్లో మొదటి కార్డు తెర నిండా వచ్చింది. 'ప్రభువునందు ప్రియులైన శ్రీమతి కాంతమ్మ గారికి వందనములు.'

కనకరత్నం కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. "చూడమ్మాయ్," అంది శాంతితో. గారూ అండీ అన్నీ వదిలేసింది. "నోటి మాటయితే రేపు కాదనొచ్చు. అచ్చు కాదనలేం. ఈ కార్డు వెళ్ళిన గుమ్మంలోకి మళ్ళీ కోడలిగా వెళ్ళలేవు."

"వెళ్ళనండి. పెంకుటిల్లు వాళ్ళదే. శనివారం వాళ్ళే వస్తారో రారో చూసుకుంటారు." శాంతి స్టూలు కొంచెం ముందుకి జరుపుకుంది. కూతురి భుజానికి ఇప్పుడు జానెడు దూరంలో ఉంది. అయినా చెయ్యి వెయ్యలేదు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది అక్షయ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఒకళ్ళున్నారు."

"ఎవరు?"

"నువ్వు." శాంతి గొంతులో కోపం లేదు, జాలీ లేదు. బరువు మోసి దింపాక వచ్చే అలసట ఉంది. "ఇది నేను చెప్పను. నా పేరు ఎక్కడ కొట్టాలో నన్నడక్కుండా నువ్వే చూసుకున్నావు కదా. నీ పేరూ నువ్వే చూసుకో. కార్డులో నా పక్కన కొడతావా, లిస్టులో మీ మామ్మ కింద కొడతావా?"

అక్షయ చెయ్యి మౌసు మీద ఉంది. కనకరత్నం ఫ్యాను చప్పుడు వింటున్నట్టు తల పైకెత్తి కూర్చుంది.

"కానియ్యమ్మా," అంది శాంతి. "బయట ఆటో ఆపి వచ్చేను."